చాక్లెట్ అగార్ మీద హిమోఫిలస్ సరిగ్గా ఎదగడం లేదు, లోపం ఎక్కడుండొచ్చు?

మా ల్యాబ్‌లో చాక్లెట్ అగార్ (బ్యాక్టీరియాను పెంచడానికి వేడిమీద రక్తం కలిపి చేసే జెల్లీలాంటి మీడియం) మేమే తయారు చేసుకుంటాం. ఈమధ్య పోసిన ప్లేట్ల మీద హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బ్యాక్టీరియా కంట్రోల్ స్ట్రెయిన్ (ప్లేట్లు బాగున్నాయో లేదో చూడటానికి వాడేది) వస్తోంది కానీ, 24 గంటలు దాటినా కాలనీలు సూదిమొనంతే. ఇదివరకు బూడిదరంగులో, నున్నగా, తడి మెరుపుతో చక్కగా కనిపించేవి.

బేస్ (రక్తం కలపని అగార్) ఆటోక్లేవ్‌లో ఆవిరితో స్టెరిలైజ్ అయ్యాక 75–80 డిగ్రీలకు దిగనిచ్చి, 5 శాతం గొర్రె రక్తం కలిపి, గోధుమరంగు వచ్చేదాకా మెల్లగా తిప్పుతాం. ఇంక్యుబేషన్ 35–37 డిగ్రీల్లో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌తో. అదే బ్యాచ్ మీద, ఈ గ్యాస్ అవసరమయ్యే గోనోకాకస్ బ్యాక్టీరియా బాగానే పెరుగుతోంది, కాబట్టి గ్యాస్ మీద నాకు అనుమానం లేదు.

ఒక ప్లేటు మీద స్టెఫైలోకాకస్ ఆరియస్ గీత గీసి చూస్తే, ఆ గీత పక్కనున్న హిమోఫిలస్ కాలనీలు మాత్రం బాగా పెద్దవయ్యాయి. అంటే స్టెఫైలోకాకస్ బయటికి వదిలే వి-ఫ్యాక్టర్, అదే హిమోఫిలస్ ఎదగడానికి కావాల్సిన ఎన్‌ఏడీ అనే పదార్థం, మా ప్లేట్లలో చాలడం లేదనే కదా? గొర్రె రక్తంలో ఎన్‌ఏడీని తినేసే ఎంజైమ్ ఉంటుంది. దాన్ని చంపడానికి వేడి కావాలి, వేడి ఎక్కువైతే ఎన్‌ఏడీయే పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి!

రక్తం కలిపాక ఆ వేడిలో ఎంతసేపు ఉంచుతున్నారు? రంగు చూసి ఆపేస్తారా, టైమర్ పెట్టుకుంటారా? ఫిల్టర్ చేసిన ఎన్‌ఏడీని అగార్ 50 డిగ్రీలకు వచ్చాక కలిపేవాళ్లు లీటరుకు ఎంత వేస్తున్నారు? లేక ఆ ఎంజైమ్ తక్కువుండే గుర్రం రక్తానికి మారిపోవడమే మేలంటారా? సొంతంగా ప్లేట్లు పోసేవాళ్లు కాస్త చెప్పండి.