కార్ల సినిమాలు చెప్పండి: అమెరికా బండి గొప్పదా, యూరప్ బండి గొప్పదా?

కపిలతీర్థం
ఈ ఆదివారం స్నేహితులం మా ఇంట్లో కూర్చుని కార్ల సినిమా ఏదైనా చూద్దామనుకుంటున్నాం. కార్లు ఎగిరి పేలిపోయేవి వద్దు. నిజంగా జరిగిన కథలు కావాలి.

స్పానర్
2019లో వచ్చిన ‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ చూడండి, ఇంకేదీ వెతకొద్దు. 1960 నుంచి 65 దాకా ఫ్రాన్స్‌లో జరిగే లెమాన్స్ పందెంలో వరసగా ఆరేళ్లు ఇటలీ కంపెనీ ఫెరారీదే గెలుపు. 66లో అమెరికా కంపెనీ ఫోర్డ్ వచ్చి మొదటి మూడు స్థానాలూ ఎత్తుకుపోయింది. 24 గంటల పందెం అది. ఏడు లీటర్ల ఇంజన్ అంతసేపు నిలబడిందంటే అమెరికా వాళ్ల పనితనం ఏపాటిదో తెలుస్తుంది. రెండు చేతులతో ఇంజన్ విప్పి బిగించేవాణ్ని, నాకు ఒళ్లు పులకరించింది.

నగరి లైన్
‘రష్’, 2013. ఫార్ములా వన్ పందేల్లో పోటీపడ్డ డ్రైవర్లు లౌడా, హంట్. వాళ్లలో లౌడాది, మంటల్లో కాలి ఆరు వారాలకే మళ్లీ స్టీరింగ్ పట్టిన మనిషి కథ.

రెండో ఘాట్
స్పానర్ అన్నా, సినిమా బాగుంటుంది. కానీ అమెరికా గెలిచిందంటే ఒప్పుకోను. ఆ పందెంలో గెలిచిన ఫోర్డ్ బండి జీటీ40 పుట్టింది ఇంగ్లండ్‌లో, లోలా అనే అక్కడి కంపెనీ బండి ఆధారంగా. సినిమాలో హీరో, ఫోర్డ్ డ్రైవర్ కెన్ మైల్స్ ఇంగ్లీషువాడు. 66లో మొదట వచ్చిన బండి నడిపిన బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఆమన్ ఇద్దరూ న్యూజిలాండ్ వాళ్లు. డబ్బు మాత్రమే అమెరికాది.

స్పానర్
ఇంజన్ ఎవరిది తమ్ముడూ?

రెండో ఘాట్
ఇంజన్ ఒక్కటే కారు కాదు. మలుపు తిరగాలి, బ్రేకు పడాలి.

స్పానర్
మరి 67? ఆ ఏడు ఫోర్డ్ మార్క్ 4 బండి అమెరికాలోనే తయారైంది. నడిపిన డాన్ గర్నీ, ఏ.జె. ఫాయిట్ ఇద్దరూ అమెరికా వాళ్లే. మళ్లీ గెలిచింది. నువ్వు 66 పట్టుకుని వేలాడతావు గానీ 67 మాట ఎత్తవు.

చంద్రగిరి కోట
పందెం సంగతి సరే, మన రోడ్ల సంగతి చెప్పండి. సెకండ్స్‌లో బండి కొనాలని చూస్తున్నా.

రెండో ఘాట్
అమెరికాలో పెట్రోలు చవక, రోడ్లు వెడల్పు. అందుకే పెద్ద ఇంజన్, మెత్తటి సస్పెన్షన్. యూరప్‌లో పెట్రోలు మీద పన్ను ఎక్కువ, ఊళ్లు ఇరుకు, కొండదారులు జాస్తి. అందుకే చిన్న ఇంజన్, గట్టి సస్పెన్షన్. తిరుమల ఘాట్ ఏ రోడ్డుకు దగ్గరో మీరే చెప్పండి. హెయిర్‌పిన్‌లో బండి ఒరగకుండా తిరిగితే వెనక కూర్చున్న పెద్దవాళ్లకు కడుపులో తిప్పదు. మా అమ్మకు ఆ తేడా తెలుసు.

స్పానర్
ఘాట్ దిగడానికి యూరప్ కారు అక్కర్లేదు, రెండో గేరు వేయడం తెలిస్తే చాలు. అలిపిరిలో నిలబడి చూడు. కొండంతా బ్రేకు మీద కాలు పెట్టి దిగినవాడి చక్రాల నుంచి మాడు వాసన వస్తుంటుంది. ఏ దేశం బండైనా అంతే. పైగా సీసాతో నీళ్లు పోస్తారు. కాలిన డిస్కు మీద చన్నీళ్లు పడితే అది వంకర పోతుంది, తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా పెడల్ అదురుతుంది. అలాంటివి ఎన్ని మార్చానో.

గాలిగోపురం
యూరప్ కంపెనీ ఆటోమేటిక్ నాది, పేరు చెప్పను. రద్దీ రోజు కొండెక్కుతుంటే గేర్‌బాక్స్ వేడెక్కిందని మెసేజ్ వచ్చి మధ్యలో ఆగిపోయింది. వెనక బస్సు హారన్, లోపల పిల్లల ఏడుపు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

రెండో ఘాట్
అది రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ అయ్యుంటుంది, అదీ ఆయిల్‌లో మునగని డ్రై రకం. ఎత్తులో నత్తనడక నడిపితే క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. మాన్యువల్ తీసుకోవాల్సింది. అది యూరప్ తప్పు కాదు.

గాలిగోపురం
లక్షలు పోసి కొన్న నాది తప్పా?

స్పానర్
చూశారా. 1999లో ఫోర్డ్ ఐకాన్ వచ్చినప్పుడు ఇలాంటి గోల లేదు. ఎక్కి తొక్కితే పోయేది.

రెండో ఘాట్
ఐకాన్ యూరప్‌లో ఫోర్డ్ అమ్మిన ఫియస్టా నుంచి వచ్చిందే అన్నా! షెవర్లే సెయిల్ డీజిల్‌లో ఉన్నది ఫియట్ 1.3 ఇంజన్, స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్నదే. మీరు అమెరికా అని మురిసిపోయేదంతా యూరప్ సరుకు. అమెరికా వాళ్లకు ఇక్కడ నిలబడే ఓపిక కూడా లేకపోయె. 2017 ఆఖరుకి షెవర్లే అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ తయారీ ఆపేస్తామంది. కొన్నవాళ్లను నడిరోడ్డు మీద వదిలేశారు.

స్పానర్
ఫియట్ మాత్రం నిలబడిందా? ఫోక్స్‌వ్యాగన్ పోలో కూడా ఇక్కడ 2022లో ఆపేశారు కదా. ఫోర్డ్ స్పేర్లు ఇవాళ్టికీ చెన్నై నుంచి రాత్రి బస్సులో వేస్తే పొద్దున్నే నా షెడ్‌లో ఉంటాయి.

రెండో ఘాట్
చెన్నై పుదుపేట బజారు పాత సామాను బిగించి పంపడం రిపేరు కాదన్నా. యూరప్ బండ్లకు కంప్యూటర్ కావాలి. సుత్తి పట్టుకుని చేసే పని వాటి దగ్గర సాగదు. అందుకే మీకవి నచ్చవు.

నగరి లైన్
తమ్ముడూ, మాట జాగ్రత్త.

స్పానర్
అన్నావు కదా, విను. నా దగ్గర స్కానర్ ఉంది, అప్పు చేసి కొన్నా. ఒక యూరప్ బండికి కంట్రోల్ యూనిట్, అంటే బండిని నడిపించే చిన్న కంప్యూటర్, పోయిందని స్కాన్ చేసి కనిపెట్టింది నేనే. అదే మోడల్‌ది తెచ్చి పెట్టా. స్టార్ట్ కాలేదు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో కోడింగ్ చేస్తే గానీ ఆ బండి దాన్ని గుర్తుపట్టదు. కోడింగ్ చేసివ్వమని షోరూమ్‌ని అడిగితే, బయట కొన్న పార్టు ముట్టుకోమన్నారు. బండిని లారీ మీద చెన్నై పంపా. కస్టమర్ నాన్న కాలం నుంచి మా షెడ్‌కి వచ్చేవాడు. చేతకానివాడినని పది మందిలో అన్నాడు, మళ్లీ రాలేదు. నాకు పని రాక కాదు, తలుపుకు తాళం వేసి తాళంచెవి వాళ్లు ఉంచుకున్నారు.

ఇది ఒక్క యూరప్ గొడవ కాదని నాకూ తెలుసు. 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీని అడ్డుకునేవాళ్ల మీద చర్య తీసుకునే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకు దొరకనివ్వలేదని. అందులో ఫోర్డ్, షెవర్లే యజమాని జీఎం ఉన్నాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఫియట్, బీఎండబ్ల్యూ ఉన్నాయి. మారుతి, టాటా, మహీంద్రా కూడా ఉన్నాయి. పాత ఫోర్డ్ అంటే నాకు ప్రేమ ఎందుకంటే, దాన్ని నేను బాగుచేయగలను. అంతే.

రెండో ఘాట్
మీ షెడ్‌ని అలా అనకుండా ఉండాల్సింది, అది వేరే సంగతి. కానీ నా మాట కూడా వినండి.

మా చిన్నాన్న వాళ్లు బెంగళూరు నుంచి వస్తూ, మొగిలి ఘాట్‌లో ఆగివున్న లారీని వెనక నుంచి గుద్దారు. తేలికపాటి చిన్న బండి, ఎయిర్‌బ్యాగులు లేవు. ముందు సీటులో చిన్నాన్న. డాష్‌బోర్డు సీటు దాకా వచ్చేసింది. చిత్తూరు ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. అప్పటి నుంచి నేను ఏ బండి చూసినా ముందు క్రాష్ టెస్ట్ వీడియో చూస్తా. ఫోక్స్‌వ్యాగన్ టైగున్, స్కోడా కుషాక్ 2022లో, బండ్లను గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు తెచ్చుకున్నాయి. రిపేరుకు చెన్నై పోవాల్సొస్తే పోతా. మనిషి పోతే ఏ షెడ్‌లో బాగుచేస్తారు?

కపిలతీర్థం
అయ్యో. ఇది తెలియదు తమ్ముడూ.

చంద్రగిరి కోట
2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టులో యూరప్ పోలో, అమెరికా ఫోర్డ్ ఫిగో రెండూ ఎయిర్‌బ్యాగులు లేని మోడల్‌కి సున్నా స్టార్లే తెచ్చుకున్నాయి. రెండింటి బాడీ మాత్రం చెదరలేదు. ఎయిర్‌బ్యాగులు పెట్టిన పోలోకు 4 స్టార్లు వచ్చాయి. అంటే ఏ దేశం బ్రాండ్ అన్నది కాదు, ఎయిర్‌బ్యాగ్ ఉందా లేదా అన్నది చూడాలి.

స్పానర్
ఉంటే సరిపోదు, పనిచేయాలి. తమ్ముడూ, మీ చిన్నాన్న సంగతి తెలియక మాట్లాడుతూ పోయా. అయినా ఇది చెప్పాలి. 5 స్టార్లు కొత్త బండికి. అదే బండి నాలుగో ఓనర్ చేతికొచ్చేసరికి మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుతూ ఉంటుంది. షోరూమ్ చెప్పే రేటుకు గుండె ఆగిపోతుంది. షెడ్‌లో చేద్దామంటే తాళం. ఈమధ్య ఒకాయన వచ్చి, అమ్మాలి, ఆ లైట్ కనబడకుండా బల్బు పీకెయ్ అన్నాడు. బాగుచేసే దారి మూసేస్తే నువ్వు నమ్ముకున్న భద్రత ఇలాగే పోతుంది.

రెండో ఘాట్
పీకారా?

స్పానర్
పీకలేదు. ఇంకో షెడ్‌లో పీకించుకున్నాడని తెలిసింది.

రెండో ఘాట్
ఆ బండి ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

స్పానర్
పుత్తూరు వాళ్లు కొన్నారట. చిన్నపిల్లలున్న ఇల్లు. బండి నంబర్ నా రిజిస్టర్‌లో ఉంది, మధ్యలో ఉన్న బ్రోకర్ నాకు తెలుసు.

రెండో ఘాట్
వాళ్లకు చెప్పారా?

స్పానర్
రేపు పొద్దున్నే చెప్తా.

రెండో ఘాట్
పొద్దున దాకా ఎందుకన్నా, బ్రోకర్‌కి ఇప్పుడే ఫోన్ చేయండి. పుత్తూరులో మా అత్తగారి వాళ్లున్నారు, అడ్రస్ దొరికితే నేను పంపిస్తా. ఫోర్డ్ గురించి నేను అన్నది మాత్రం వెనక్కి తీసుకోను.