తోలు బూట్ల మీద గీతలు: చెరిపేయాలా, వదిలేయాలా?

నల్లపాలిష్:
గోధుమరంగు తోలు బూట్లు, రెండేళ్లుగా వాడుతున్నా. నిన్న మెట్లెక్కుతుంటే కుడి బూటు ముక్కు రాయికి గీరుకుని తెల్లగా చార పడింది. డబ్బా పాలిష్ రెండుసార్లు పట్టించాను, పోలేదు. పూర్తిగా పోయే దారి చెప్పండి. "మామూలే, వదిలేయండి" అనే సలహాలు మాత్రం వద్దు.

దారిదుమ్ము:
వద్దన్నా అదే చెప్తానండి. బూట్లు ఉన్నవి నడవడానికి. నావి ఏడేళ్లవి. వారానికోసారి బ్రష్‌తో దులుపుతా, నెలా రెండు నెలలకోసారి కాస్త షూ క్రీమ్ రాస్తా. ముక్కు నిండా గీతలే, అయినా తోలు ఎక్కడా పగల్లేదు.

తోలుపని:
ముందు గీత మీద గోరు ఆనించి లాగండి. గోరు గీతలో తట్టుకుని ఆగకపోతే పోయింది పైరంగే. డబ్బా పాలిష్‌లో ఎక్కువ ఉండేది మైనం, అది మెరుపుకే. రంగు కావాలంటే క్రీమే. పాత మైనం తుడిచి, క్రీమ్ కొంచెమే గుడ్డతో రుద్ది, ఆరనిచ్చి బ్రష్ కొట్టండి. తోలు మీద ప్లాస్టిక్ లాంటి పూత ఉంటే మాత్రం క్రీమ్ లోపలికి ఇంకదు.

నల్లపాలిష్:
గోరు కొద్దిగా తట్టుకుంటోంది. దారిదుమ్ము గారూ, తోలుకు పాలిషే తిండి. నేను రోజూ పెడతా. నెలలకోసారి పెడితే ఎలా బతుకుతుంది?

దారిదుమ్ము:
తిండేమిటండీ? అది ఎప్పుడో ప్రాణం పోయిన చర్మం.

నల్లపాలిష్:
మరి తోలు పదును చేశాక కొవ్వు ఎందుకు ఎక్కిస్తారు? ఆ కొవ్వు తగ్గితే లోపలి పీచులు బిగుసుకుని మడత దగ్గర పగుళ్లు వస్తాయి. తగ్గింది తిరిగి ఇవ్వడాన్ని తిండి అనక ఏమంటారు?

దారిదుమ్ము:
నూనె పట్టించడం అంటారు. అది కూడా రోజూ కాదు.

వానచుక్క:
స్వెడ్‌కి, అదే నూగులా ఉండే తోలుకి కూడా ఇదేనా?

తోలుపని:
కాదు, స్వెడ్‌కి క్రీమ్ వద్దు, దాని బ్రష్ వేరే. మిగతా ఇద్దరికీ: రోజూ మైనం పెడితే పొరలు పేరుకుని, వేళ్లు వంగే చోట పెళుసుగా చిట్లుతాయి. రోజూ కావలసింది బ్రష్. తొడిగిన జతకు మర్నాడు సెలవు ఇస్తే లోపలి చెమట ఆరుతుంది. వానలో తడిస్తే కాగితం కుక్కి నీడన పెట్టండి. హీటర్ పక్కన పెట్టకండి, తడితోలు వేడికి ముడుచుకుపోతుంది. చెట్టు బెరడుతో పదును చేసినదైతే ముడుచుకోవడానికి నీళ్లు మరిగే వేడి కూడా అక్కర్లేదు.

నల్లపాలిష్:
సరే, రోజూ వద్దు. కానీ గీతలతో నలుగురిలోకి వెళ్లడం ఎదుటివాళ్లను లెక్కచేయకపోవడమే. బద్ధకానికి "వాడకం" అని పేరు పెట్టకండి.

దారిదుమ్ము:
బద్ధకమా? చిన్నప్పుడు మోకాలు చీరుకుని ఇంటికొస్తే మా నాన్న ముందు చూసింది నా బూట్లు. "ఈ గీత ఎలా పడింది?" రక్తం కారుతున్నా మొదటి ప్రశ్న అదే. తర్వాత బూట్లు చేత పట్టుకుని వట్టికాళ్లతో ఆడుకునేవాణ్ణి. నా కూతురు మొన్న కొత్త బూట్లతో గోడెక్కి దూకింది. ముక్కు మొత్తం గీరుకుపోయింది. నేను ఒక్క మాట అనలేదు. అది నాకు ఎంత పెద్ద సంగతో మీకేం తెలుసు?

నల్లపాలిష్:
నాకు కొత్త జత ఎప్పుడూ రాలేదండీ. అన్నయ్యవి వచ్చేవి, గీతలతో సహా. ఒక రోజు క్లాసులో బెంచీ ఎక్కించి అందరికీ చూపించారు, శుభ్రత లేనివాడి కాళ్లు ఇలా ఉంటాయని. ఆ గీతల్లో ఒక్కటీ నేను చేసింది కాదు. ముందు రాత్రి గంటసేపు పాలిష్ చేశాను కూడా. మీ నాన్నకు గీత కనిపిస్తే కొడుకు కనిపించలేదు. నా విషయంలో అది చేసింది బడి. వదిలేయమని చెప్పడం మీకు తేలిక.

దారిదుమ్ము:
తేలిక కాదని ఇప్పుడే చెప్పాను. బద్ధకం అన్న మాట వెనక్కి తీసుకోండి.

నల్లపాలిష్:
తీసుకుంటున్నా. గీతను మాత్రం ఉండనివ్వను.

తోలుపని:
గోరు తట్టుకుంటోందంటే పైపొర చిరిగింది. లేచిన పీచును చెంచా వెనకవైపుతో మెల్లగా అణచండి, తర్వాత క్రీమ్. రంగు కలుస్తుందో లేదో ముందు బూటు నాలుక కింద, కనబడని చోట చూసుకోండి. అంతా అయ్యాక కూడా వంగి చూస్తే జాడ తెలుస్తుంది.

నల్లపాలిష్:
వంగి చూసేది నేనేనండి. రేపు చేసి ఎలా వచ్చిందో రాస్తా.