‘నే బలికిన’ సరైనదా, ‘నే పలికిన’ సరైనదా?

హనుమకొండ నుంచి: పోతన మీద పేపర్ జర్నల్‌కు పంపాలి, సోమవారమే గడువు. ‘పలికెడిది భాగవతమట’ కందంలో మూడో పాదం ఎట్లా మొదలవుతుంది? నోట్స్‌లో ‘బలికిన’ అని ఉంది, చిన్నప్పటి నుంచి నోటికి వచ్చింది మాత్రం ‘పలికిన’. ఇంకొకటి, రిఫరెన్సుల్లో ఇంటిపేరు, కామా, తర్వాత పేరు రాయమన్నారు. ‘బమ్మెర, పోతన’ అంటే సరిపోతుందా?

జనగామ నుంచి: ‘బలికిన’ అనే. రెండో పాదం చివర ‘నేఁ’ ఉంది కదా. ద్రుతం (పదం చివరి నకారం, ఇక్కడ అరసున్నగా మారింది) మీద పకారం బకారమైంది. పాదం మారినంత మాత్రాన సంధి ఆగదు. అరసున్న వదిలేయకండి, యూనికోడ్‌లో ఉంది.

కరీంనగర్ నుంచి: సంధి సరే సార్, ఛందస్సు మాత్రం ఏ పక్కకూ సాక్ష్యం చెప్పదు. కందంలో యతి (పాదం మొదటి అక్షరానికి లోపల కుదరాల్సిన అక్షరమైత్రి) రెండు, నాలుగు పాదాలకే. మూడో పాదానికి ప్రాస చాలు, అది రెండో అక్షరం. మొదట ప ఉన్నా బ ఉన్నా గణం చెడదు. అందుకే చేతిలో ఉన్న ప్రతిలో ఎట్లా ఉంటే అట్లా ఎత్తిరాసి, ఆ ముద్రణ వివరాలే ఇవ్వాలి. వావిళ్ళ ప్రతి చూసి టీటీడీ ప్రతి పేజీ నంబరు వేస్తే రేపు వెతికేవాడికి ఏమీ దొరకదు. స్కంధం, పద్యం సంఖ్య కూడా వేయండి.

జనగామ నుంచి: ఎత్తిరాయడం వేరు, పాఠం తేల్చడం వేరు. ‘నేఁ’ పక్కన ‘పలికిన’ నా చెవికి ఆనదు.

వరంగల్ నుంచి: గజేంద్రమోక్షంలో చూడండి: ‘కలఁ డందురు దీనుల యెడఁ / గలఁ డందురు పరమయోగి గణముల పాలం’. ఇక్కడా పాదం దాటి సరళం వచ్చింది, అంటే ‘క’ కాస్తా ‘గ’ అయింది. మా ఇంట్లో అందరూ రెండోచోట కూడా ‘కలడందురు’ అనే చదివేవారు. ఎట్లా చదివినా ఆ ఏనుగు గొంతు వినిపిస్తుంది. సందేహం కూడా భక్తే అని ఒక్క కందంలో చెప్పినవాడు ఇంకెవరున్నారు!

పరకాల నుంచి: పేరు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంగ్లిష్ వాళ్ల ఇంటిపేరు చివర ఉంటుంది. దాన్ని ముందుకు తెచ్చామని చెప్పడానికే ఆ కామా. మనకు ముందే ఉన్నప్పుడు కామా ఎందుకు? పైగా బమ్మెర ఊరి పేరు. ‘బమ్మెర చెప్పినట్లు’ అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? పాల్కురికి సోమన్నదీ ఇదే కథ.

మహబూబాబాద్ నుంచి: రిఫరెన్సులకు ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతైతే మూడు పాదాలు దాటిన పద్యాన్ని విడిగా, లోపలికి జరిపి వేయాలి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో 40 మాటలు ఉంటేనే విడిగా. ఈ కందంలో పట్టుమని పదిహేను లేవు. అట్లాగని పద్యాన్ని వాక్యంలో కుక్కడం నాకు మనసొప్పదు.

హనుమకొండ నుంచి: పద్యం విడిగానే వేస్తాను అన్నా. ఆరో స్కంధం నుంచి కూడా ఒక ఉదాహరణ ఉంది, దానికీ ఇదే ఎంట్రీ చాలా?

పరకాల నుంచి: అది పోతన పేరు మీద వేయకండి! ఆరోది ఏర్చూరి సింగనది. ఐదోది గంగన, చివరి రెండూ నారయ.

కరీంనగర్ నుంచి: పుస్తకం అట్ట మీద పోతన అనే ఉంటుంది కదా. కేటలాగు కూడా అదే చూపిస్తుంది.

జనగామ నుంచి: అట్ట కాదు, స్కంధం చివరి గద్య (ముగింపు వాక్యం) చూడాలి. అక్కడ కవి తన పేరు తానే చెప్పుకున్నాడు.