కాలువ గట్టు మీద సైకిలు: చక్రం బిగిసిపోతోంది, చైను ఊడిపోతోంది

ప్రశ్న (అంబాజీపేట దగ్గర నుంచి)

నమస్కారమండీ. మా ఊరి నుంచి నేను లెక్కలు రాసే కొబ్బరికాయల కొట్టుకు రోజూ ఏడు కిలోమీటర్లు కాలువ గట్టు మీదుగా సైకిలు తొక్కుకుంటూ వెళ్తాను. సైకిలు మా నాన్నగారిది. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు. పోయిన నెలలో రెండుసార్లు పడ్డాను. మొదటిసారి వాన వెలిసిన తర్వాత బయలుదేరితే, బంకమట్టి టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ కూరుకుపోయి ముందు చక్రం ఉన్నట్టుండి ఆగిపోవడంతో, గట్టు దిగువన గుర్రపుడెక్కలో పడ్డాను. రెండోసారి లాకుల దగ్గర ఎత్తు ఎక్కుతుండగా చైను ఊడి, పెడలు ఖాళీగా తిరిగిపోయి, మోకాలు చీరుకుపోయింది. వారం వారం కొబ్బరినూనె రాస్తున్నా చైనుకు తుప్పు ఆగడం లేదు. అమ్మేయమని ఇంట్లో అంటున్నారు కానీ నాకు మనసొప్పడం లేదు. దయచేసి దారి చెప్పండి.

జవాబు (పాలకొల్లు)

ముప్పై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నానండి. ముందుగా కొబ్బరినూనె మానండి. అది సుమారు 24 డిగ్రీల దిగువన పేరుకుంటుంది కాబట్టి, మార్గశిరం చలిలో తెల్లవారుజామున మీ చైను మీద ఉండేది నూనె కాదు, దుమ్ము పట్టిన గడ్డ. చైను విప్పి కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరిన తర్వాత ఒక్కొక్క రోలరు మీద ఒక్కొక్క చుక్క ఇంజను ఆయిలు వేసి, పైన మిగిలినది గుడ్డతో తుడిచేయండి. నూనె పని లోపలే, పైన ఉంటే ఇసుకను పట్టుకుంటుంది.

ఊడిపోవడానికి కారణం సాగిన చైను కావచ్చు. టేపు తీసుకుని 24 లింకులు కొలవండి. కొత్త చైను సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. మీది ఎనిమిదో వంతు అంగుళం దాటి సాగితే ఇక మార్చవలసిందే. అప్పుడు ఫ్రీవీలు (వెనక చక్రం మీది పళ్లచక్రం) పళ్లు కూడా చూడండి. అవి కొక్కేల్లా వంగి ఉంటే కొత్త చైను వాటి మీద జారుతుంది కనుక రెండూ కలిపి మార్చాలి. బిగించేటప్పుడు వెనక చక్రం వంకర రాకుండా రెండు వైపులా సమానంగా వెనక్కి లాగండి. ముందు పళ్లచక్రం అచ్చంగా గుండ్రంగా ఉండదు కాబట్టి పెడలు ఒక చుట్టు తిప్పి, చైను అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోట కూడా అర అంగుళం ఆడేలా చూడండి.

జవాబు (రాజోలు వైపు, ఉపాధ్యాయురాలు)

పాలకొల్లు వారు చైను సంగతి చెప్పారు. నేను మట్టి సంగతి చెబుతాను, ఎందుకంటే పద్నాలుగేళ్లుగా ఇలాంటి గట్టు మీదే బడికి వెళ్తున్నాను. వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసినప్పుడు తీసిన పూడిక గట్టు మీదే పోస్తారు. అది ఎండకు రాయిలా ఉండి, తొలి వానకే జిగురవుతుంది. అక్కడ తొక్కాలని చూడకండి, దిగి నడిపించండి. మడ్‌గార్డు కడ్డీల నట్లు వదులు చేసి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత ఖాళీ వచ్చేలా మళ్లీ బిగించండి. నా క్యారియరుకు ఎప్పుడూ ఒక వెదురుబద్ద కట్టి ఉంటుంది, ఆగి మట్టి గీకడానికి. దాళ్వా (రబీ వరి) కోతల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కూడా అంతే ప్రమాదం. దాని మీదికి వెళ్లాక బ్రేకు పట్టకండి.

జవాబు (మలికిపురం)

బ్రేకుల మాట ఎవరూ చెప్పలేదు. ఇనుప రిమ్ము తడిస్తే కడ్డీ బ్రేకు దాదాపు పట్టదండి. వానలో లాకుల ఎత్తు దిగేటప్పుడు చాలా ముందు నుంచే కొద్దికొద్దిగా నొక్కుతూ రిమ్ము మీది నీటిని తుడవనివ్వాలి. రబ్బర్లు అరిగి ఉంటే ఇవాళే మార్చండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సాయంత్రం టేపు పెట్టి చూస్తే పన్నెండుంపావు ఉంది; ఫ్రీవీలు పళ్లు పాలకొల్లు వారు చెప్పినట్టే వంగి ఉన్నాయి. రెండూ, బ్రేకు రబ్బర్లూ ఆదివారం మార్పిస్తాను. మడ్‌గార్డు మాత్రం ఇప్పుడే ఎత్తాను. వేళ్లు రెండూ పట్టాయి.