“కుట్టనా?” – చీమే కథ చెబితే ఈ మాట ఎలా ఉండాలి?

విజయనగరం నుంచి ప్రశ్న: ఏడు చేపల కథను చీమ వైపు నుంచి తిరగరాస్తూ “నా పుట్టలో వేలు పెట్టాడు. కుట్టనా?” అని మొదలుపెడితే, పిల్లలు “కుట్టమంటావా?” అని అర్థం చేసుకుంటున్నారు. పాత కథలో ఇదే మాటకి ఆ ఇబ్బంది లేదు. ఎందుకంటారు?

బొబ్బిలి నుంచి: కుట్టను + ఆ = కుట్టనా. రూపం ఒకటే, పనులు రెండు. “తలుపు వెయ్యనా?” అంటే అనుమతి అడగడం. “అడిగితే ఇవ్వనా?” అంటే తప్పకుండా ఇస్తానని. రెండో అర్థాన్ని నిలబెట్టేది ముందున్న “-తే”. పాత కథలో “వేలు పెడితే” ఉంది, దానికి ముందు “చీమా చీమా, ఎందుకు కుట్టావు?” అన్న ప్రశ్న కూడా ఉంది. కుట్టడం అయిపోయిందని వినేవాడికి అప్పటికే తెలుసు. మీరు మాటను మొదటికి తెచ్చారు కాబట్టి ప్రశ్న పోయింది, వాక్యాన్ని విరిచారు కాబట్టి “-తే” కూడా పోయింది. కనీసం “పెడితే” వెనక్కి తెచ్చుకోండి.

టెక్కలి నుంచి: మన యాసలో అయితే ఈ చిక్కే రాదండీ. “నా బంగారు పుట్టలో ఏలెడితే కుట్టనేటి?” “తెలీదేటి?”, “రాడేటి?” లాగే, “ఏటి” చేరాక అనుమతి అర్థం రానే రాదు. ఒక్క జాగ్రత్త. చీమకీ పాలేరుకీ మాత్రమే యాస పెట్టి, రాజుగారి కొడుకులకి పుస్తక భాష పెట్టకండి. అలా చేస్తే చీమ నోరు విప్పినా చూపు రాజుగారింట్లోనే ఉండిపోతుంది. కథ చెప్పేది చీమ కాబట్టి సీమ, సేప, ఏలు కథనమంతటా రావాలి.

విజయనగరం నుంచి మరొకరు: పరదేశపు కథల్ని ఇలా రాసేటప్పుడు ఇంతకన్నా పెద్ద చిక్కు “సవతి తల్లి”. అది పక్కవాళ్లు అనే మాట. సిండరెల్లా కథను ఆవిడే చెబుతుంటే తనను తాను అలా ఎందుకు అనుకుంటుంది? మన ఇళ్లలో పిల్ల పిలిచేది “పిన్నీ” అని. కథనంలో అదే వాడి, “సవతి తల్లి”ని ఊరివాళ్ల నోట మాత్రమే ఉంచండి. స్నోవైట్ దగ్గర మాత్రం ముందు కూర్పు చూసుకోవాలి. జర్మన్ జానపద కథల్ని సేకరించి అచ్చువేసిన గ్రిమ్ సోదరుల 1812 కూర్పులో ఆ రాణి కన్నతల్లే, 1819 కూర్పులో సవతి తల్లిగా మార్చారు. 1812 కథ తీసుకుంటే “పిన్ని” చెల్లదు. వేటగాణ్ణి పంపిన మనిషిని పిల్ల “అమ్మా” అనే పిలవాలి. రాణి నోట కథ చెప్పించేవారికి ఆ ఒక్క పిలుపుతో ప్రతి సన్నివేశమూ మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే “నా పుట్టలో ఏలెడితే కుట్టనేటి?” అని మొదలుపెడతాను. “బంగారు” తీసేశాను, మట్టిపుట్టే కదా అని.

టెక్కలి నుంచి: తీయకండి. అది రంగు గురించి చెప్పిన మాట కాదు. “బంగారు తల్లి”, “బంగారు కొండ” అన్నప్పటి మురిపెం అది. పుట్ట మట్టిదని పిల్లాడికి తెలుసు, చీమకీ తెలుసు. ఆ మాట ఉంటేనే తర్వాతి పేజీలో పుట్ట లోపలి అరలు, గుడ్లు, దాచుకున్న నూకలు చూపించడానికి దారి దొరుకుతుంది.