54 ఫ్రేము నాకు పెద్దదా? చేతివేళ్లు మొద్దుబారుతున్నాయి

పర్లాకిమిడి_పెడల్
విశాఖలో వాడిన రోడ్డు సైకిలు ఒకటి కొన్నాను. ఫ్రేము 54 సెం.మీ., స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే ముక్క) 110 మి.మీ., క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) 170 మి.మీ. నా ఎత్తు 163 సెం.మీ. కాశీనగరం చేరేసరికి ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారుతున్నాయి, మెడ పట్టేస్తోంది. సీటు చివరిదాకా ముందుకు జరిపినా తగ్గలేదు. స్టెమ్ మార్చాలా, ఫ్రేమే మార్చాలా? క్రాంక్ కూడా పొడవేనా?

బరంపురం_రిపేరు
32 ఏళ్లుగా ఇదే నా పని. సీటు ముందుకు జరపడమే తప్పు తమ్ముడూ. హ్యాండిల్ అందకపోతే దాన్ని దగ్గరికి తేవాలి, మనిషిని కాదు. సీటు ముందుకు వెళ్తే ఒంటి బరువంతా అరచేతుల మీదే పడుతుంది. సీటు ఎంత వెనక ఉండాలో తేలాలంటే దారానికి నట్టు కట్టండి. పెడల్ ముందుకు, నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు మోకాలి చిప్ప కింద నుంచి వదిలిన దారం పెడల్ ఇరుసు మీదికి దిగాలి. ఇంకో లెక్క లేదు.

జయపురం_అమ్మాయి
54 అన్నది సీటు గొట్టం పొడవు. కంపెనీలన్నీ ఒకే చోట కొలవవు. పై గొట్టం వాలుగా ఉన్న ఫ్రేముల్లో ఆ అంకెను అసలు నమ్మలేం. చూడవలసినవి రీచ్, స్టాక్: క్రాంక్ ఇరుసు మధ్య నుంచి తల గొట్టం (ఫ్రేము ముందు భాగంలో హ్యాండిల్ కింద ఉండే గొట్టం) పై అంచు ఎంత ముందుకు ఉంది, ఎంత పైకి ఉంది అని. మా అక్కా నేనూ ఒకే ఎత్తు. నాకు కాళ్లు పొడవు, నడుము పొట్టి. ఆమె సైకిలు నేనెక్కితే హ్యాండిల్ మీదికి సాగిపోతాను. దుకాణంలో ఈ మాట చెబుతుండగానే బుట్ట ఉన్న లేడీస్ సైకిలు తెచ్చి ముందు నిలబెట్టారు. పై గొట్టం కిందికి వంచితే ఎక్కడం సులువవుతుంది, రీచ్ తగ్గదు! ఆ కోపం ఇంకా చల్లారలేదు.

రాయగడ_కొలత
రిపేరు గారూ, వెనక్కి వాలి తొక్కే సైకిళ్లలో మోకాలు పెడల్‌కు ఎంతో వెనక ఉంటుంది. అయినా వాళ్లు హాయిగా తొక్కుతున్నారు. మరి మీ దారం ఏం చెప్పినట్టు? ముందు సీటు ఎత్తు సరిచేయాలి. గోడకు ఆనుకొని, కాళ్ల మధ్య పుస్తకం పైకి నొక్కిపెట్టి నేల దాకా కొలవండి. దాన్ని 0.883తో గుణించండి. కాలి కొలత 76 సెం.మీ. అయితే క్రాంక్ ఇరుసు నుంచి సీటు పైకి 67.

బరంపురం_రిపేరు
ఆ గుణకారానికి మీ చెప్పు మందం తెలుసా? క్రాంక్ పొడవు తెలుసా? మడమ పెడల్ మీద పెడితే కిందికొచ్చినప్పుడు కాలు నిటారుగా సాగాలి. నా దగ్గరికి మోకాళ్ల నొప్పితో వచ్చినవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్లో లెక్క వేసుకున్నవాళ్లే.

రాయగడ_కొలత
అందరి పాదాలూ ఒకే పొడవా? అనుభవం పేరుతో నోరు మూయించకండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలి. మడమ పెట్టి చూసినా, గుణించినా చివరికి చేరవలసింది అక్కడికే.

కోరాపుట్_ఘాటీ
సీటు సంగతి సరే, తల గొట్టం గురించి ఒక్కరూ మాట్లాడరేం? దాని గీతను నేల దాకా పొడిగిస్తే, ముందు చక్రం నేలను తాకే చోటికి కాస్త ముందు పడుతుంది. ఆ ఎడమే ట్రెయిల్. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఒకటే అయితే, గొట్టం వాలేకొద్దీ ఆ ఎడం పెరిగి చక్రం తిన్నగా పోతుంది. నా పాత సైకిలుకు ఆ గొట్టం నేలతో చేసే కోణం 73.5 డిగ్రీలు. సుంకి ఘాటీ దిగుతుంటే ప్రతి గుంతకూ హ్యాండిల్ చేతిలోంచి లాక్కుపోయేది. ఇప్పటిది 71, ఇంకాస్త వాలు. మలుపుల్లో ప్రాణం కుదుటపడింది.

ఛత్రపురం_నల్లసైకిలు
మా నాన్నగారి 22 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాల సైకిలుకు గొట్టాలన్నీ వెనక్కి వాలి ఉంటాయి. బియ్యం బస్తా కట్టినా అడుగు తప్పదు. నిటారుగా కూర్చుంటాం, మెడనొప్పి ఎరుగం. అది కొనుక్కోండి.

జయపురం_అమ్మాయి
ఆయన అడిగింది రోడ్డు సైకిలు గురించండీ!

పర్లాకిమిడి_పెడల్
వెనక చక్రం గోడకు ఆనించి, గోడ నుంచి క్రాంక్ ఇరుసుకు, గోడ నుంచి తల గొట్టానికి కొలిచి తీసివేశాను. రీచ్ 38.5 సెం.మీ. సీటు వెనక్కి జరిపి 80 మి.మీ. స్టెమ్ వేశాను. నిన్న 40 కి.మీ. తొక్కాను. వేళ్లు బాగున్నాయి. మెడ మాత్రం ఇంకా లాగుతోంది. హ్యాండిల్ కాస్త చురుగ్గా తిరుగుతోంది.

జయపురం_అమ్మాయి
163కి 54 పెద్దదే. 50, 52 చూడండి. ఇది అమ్మేయండి.

బరంపురం_రిపేరు
అమ్మవద్దు. పైకి లేచే స్టెమ్ వేసి హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు ఎత్తండి. ఆదివారం పర్లాకిమిడి వస్తున్నాను, సైకిలు తీసుకురండి. నట్టూ దారమూ నేనే తెస్తాను.

రాయగడ_కొలత
నేనూ వస్తాను, టేపుతో.