శనికి ఉంగరం ఏది సార్? 70 ఎంఎం టెలిస్కోపు గురించి సలహా కావాలి

కళ్యాణదుర్గం సైన్స్ సార్ (నవంబర్ 2025)

అందరికీ నమస్కారం. కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. ఈ మధ్యే ఆన్‌లైన్‌లో 70 ఎంఎం టెలిస్కోపు కొన్నాను. తొమ్మిదిన్నర వేలు, సొంత డబ్బు. ఇంట్లో మాత్రం ఆరు వేలని చెప్పాను. డబ్బా మీద '525 రెట్లు' అని ఇంతింత అక్షరాలతో ఉంది.

మొన్న శనివారం రాత్రి హాస్టల్ పిల్లల్ని ఇరవై మందిని పిలిచి, స్కూలు మిద్దె మీద శనిగ్రహానికి పెట్టాను. 4 ఎంఎం ఐపీసు (కన్ను పెట్టే చోట ఉండే లెన్సు), దాని ముందు మూడు రెట్లు పెంచే బార్లో లెన్సు. కనిపించింది ఒక మసక ముద్ద. పాలు పొంగడానికి ముందు కదిలినట్టు కదులుతూ ఉంది. ఒకడు చూసి జరిగి, ఇంకొకడు కన్ను పెట్టేలోపు ఆ ముద్ద కూడా పోయింది. బార్లో తీసేసి 10 ఎంఎం పెడితే చిన్న గుండు, దాని మధ్యలో అడ్డంగా సన్న గీత. వలయాలు లేవు. ఒక పిల్ల, 'సార్, బుక్కులో ఉంగరం ఉండాది కదా, ఇదేంది నిమ్మకాయకు సూది గుచ్చినట్టుండాది?' అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి, కానీ రాత్రంతా అదే ఆలోచన.

పొద్దున్నే ఆ పిల్ల వాళ్ల అవ్వ స్కూలుకొచ్చింది. మనవరాలిది మీనరాశి అట, ఏల్నాటి శని నడుస్తా ఉందట. 'శనీశ్వరుని కండ్లల్లో కండ్లు పెట్టి సూపిస్తావా సామీ' అని హెడ్మాస్టరు ముందే నిలదీసింది.

రెండు సంగతులు తెలియాలి. లెన్సులో లోపమా? రిటర్న్ గడువు గురువారంతో అయిపోతుంది. ఇంకోటి, ఒక పిల్లవాడు అడిగాడు: 'అంత పెద్ద జేమ్స్ వెబ్ టెలిస్కోపు పైన అంతరిక్షంలో ఉండగా మనకు ఇదెందుకు సార్?' నోట మాట రాలేదు.

ప్రొద్దుటూరు 516

రిటర్న్ పెట్టేయండి సార్. ఫోన్‌లో ఫ్రీ యాప్ వేసుకుంటే ఇంతకంటే బాగా కనిపిస్తుంది, మెడ నొప్పి కూడా ఉండదు.

కర్నూలు కళ్లద్దాలు

తొందరపడి రిటర్న్ పెట్టొద్దు సార్. కొండారెడ్డి బురుజు దగ్గర నాది కళ్లజోళ్ల షాపు, ఇరవై రెండేళ్లుగా లెన్సులతోనే బతుకు. ఆరు అంగుళాల టెలిస్కోపు అద్దం నేనే అరగదీసుకున్నాను, ఎనిమిది నెలలు పట్టింది. ఆ అనుభవంతో చెప్తున్నా.

మీ టెలిస్కోపు ఉన్నదే చూపించింది. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. అందులో సుమారు పదిహేనేళ్లకోసారి వలయాల అంచు సరిగ్గా మన వైపుకు తిరుగుతుంది. ఈ మార్చిలో అలాగే తిరిగింది, ఈ నెలలో మళ్లీ దాదాపు ఆ స్థితికే వచ్చింది. దోసెను పక్కనుంచి చూస్తే గీతలాగే ఉంటుంది కదా. ఆ వలయాలు రెండు లక్షల డెబ్భై వేల కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు, మందం మాత్రం చాలా చోట్ల పదుల మీటర్లే. 1610లో గెలీలియోకి శని పక్కన రెండు చెవుల్లాంటివి కనిపించాయి. 1612లో చూస్తే అవి లేవు. ఆయనే తికమక పడ్డాడంటే మీ పిల్లల తప్పేముంది. అవి వలయాలని తేల్చింది తర్వాత డచ్ శాస్త్రవేత్త హైగెన్స్.

అవ్వకు కూడా ఇదే లెక్క చెప్పండి. ఇరవై తొమ్మిదిన్నరను పన్నెండు రాశులకు పంచితే రాశికి రెండున్నరేళ్లు, మూడు రాశులకు ఏడున్నర. ఏల్నాటి శని లెక్క అదే. ఆమెకు ఖగోళం మనకంటే తక్కువేమీ తెలియదు.

ఇక 525 సంగతి. అది డబ్బా అమ్ముకునే అంకె. మీ గొట్టం ఫోకల్ లెంగ్త్ (లెన్సు నుంచి బొమ్మ ఏర్పడే చోటి దాకా దూరం) 700 ఎంఎం అయ్యుంటుంది. 700ని ఐపీసు 4తో భాగిస్తే 175 రెట్లు, బార్లోతో మూడింతలు 525. కానీ 70 ఎంఎం లెన్సు పట్టే వెలుతురుకు 140 రెట్లు దాటితే పెరిగేది మసకే. 25 ఎంఎం ఐపీసు వస్తే దానితో మొదలుపెట్టండి, 28 రెట్లు. గెలీలియోది ఇరవై రెట్లే. శని కూడా ఏడు నిమిషాల దాకా చూపులోనే ఉంటాడు. 525 దగ్గర అరనిమిషం కూడా ఆగడు, భూమి తిరుగుతోంది కదా.

మిద్దె మీద వద్దు. మన ఎండకు పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి పది దాకా సెగ వదుల్తూనే ఉంటుంది, మీరు చెప్పిన పాలపొంగు అదే. మట్టి నేల మీదికి దించి, స్టాండు మధ్యలో ఐదు లీటర్ల నీళ్ల క్యాను వేలాడదీయండి, వణుకు తగ్గుతుంది. పక్కనుండే, గురి చూసుకునే చిన్న గొట్టాన్ని పగలే దూరంగా ఉన్న గాలిమర మీద సరిచేసుకోండి. సూర్యుడి వైపు మాత్రం ఎవర్నీ తిప్పనివ్వొద్దు, కన్ను పోతుంది.

లెన్సు పరీక్ష: మెరిసే నక్షత్రాన్ని పెట్టి కాస్త ఫోకస్ తప్పించండి. గుండ్రంగా విచ్చుకుంటే బాగున్నట్టు. ఒక పక్కకు తోక లాగినట్టుంటే అప్పుడు రిటర్న్.

మాట వచ్చింది కాబట్టి, అసలు లోపమంటే హబుల్ అంతరిక్ష టెలిస్కోపుది. 1990లో పంపారు, 2.4 మీటర్ల అద్దం, అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ అరిగింది. వెంట్రుక మందంలో సుమారు యాభయ్యో వంతు! బొమ్మలన్నీ మసక. 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్లి ఆ లోపాన్ని సరిచేసే పరికరాలు బిగించి వచ్చారు. మా షాపు భాషలో, పవర్ చూసి కళ్లజోడు పెట్టారు.

బెంగళూరులో అనంతపురం అమ్మాయి

ఆ పిల్లవాడి ప్రశ్నకు నేను చెప్తాను సార్, నా చదువు అదే. వెబ్‌కి కన్ను పెట్టి చూసే చోటే లేదు. 15 లక్షల కిలోమీటర్ల దూరాన పద్దెనిమిది పలకల 6.5 మీటర్ల అద్దం పట్టిన పరారుణ కాంతి అంకెలై కిందికొస్తుంది. మన కంటికి ఆనని కాంతి కాబట్టి రంగులు తర్వాత కేటాయిస్తారు. మీ గొట్టంలో మీ పిల్లలు చూసింది శని దగ్గర గంటా పావు ముందు బయలుదేరిన అసలు వెలుతురు.

ఇంకోటి. మనకు దగ్గర్లోనే, తమిళనాడులోని కావలూరులో, 1977 మార్చిలో ఒక మీటరు టెలిస్కోపుతో యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం వస్తుందని కనిపెట్టుకుని చూశారు. గ్రహం ఇంకా పక్కనే ఉండగానే నక్షత్రం వెలుగు కాసేపు తగ్గడం వేరే చోట్లతో పాటు అక్కడా నమోదైంది. యురేనస్‌కి వలయాలున్నాయని తెలిసింది ఆ రాత్రి గమనికల వల్లే. కంటికి ఒక్క వలయమూ కనిపించలేదు సార్, వెలుగు తగ్గిందంతే. మీ నిమ్మకాయ, సూదిని నోటుబుక్కులో గీయించండి. ఏటా గీస్తే వలయాలు తెరుచుకోవడం వాళ్లే చూస్తారు.

కళ్యాణదుర్గం సైన్స్ సార్

అందరికీ థ్యాంక్స్. నక్షత్రం గుండ్రంగానే విచ్చుకుంది, లెన్సు బాగుంది. గ్రౌండులో, నీళ్ల క్యానుతో, 28 రెట్లలో పెట్టాం. పద్దెనిమిది మంది తోపులాట లేకుండా చూశారు, గీశారు. పదిన్నరకు గురుడు కాస్త పైకొచ్చాక ఉపగ్రహాలు కూడా కనిపించాయి. పిల్లలు లెక్కపెట్టి నాలుగని తేల్చారు.

అవ్వ మళ్లీ వచ్చింది, ఈసారి చూడ్డానికే. స్టూలేసి కూర్చోబెట్టాం. చాలాసేపు కన్ను తీయలేదు. తీశాక, 'ఇంత సన్నోడా! వీనికా సామీ నేను ముప్పై ఏండ్లుగా నూనె పోస్తాండేది?' అంది.

రిటర్న్ గడువు అయిపోయింది. ఇంట్లో తొమ్మిదిన్నర వేల సంగతి కూడా తెలిసిపోయింది, బిల్లు డబ్బాలోనే ఉండిపోయింది.